మౌలాబీ నియ్యత్తు

ఖాదర్‌బాషాకు పుణ్యం చేయాలని బుద్ధి పుట్టినప్పుడల్లా మౌలాబీకి నడుం నొప్పి వచ్చేది. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఇది ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు శుక్రవారం. ముహర్రం నెల ఒకటో తేదీ, ముసల్మానుల సంవత్సరాది. అది జుమ్మా నాడే పడేసరికి మసీదులో హజ్రత్ చెప్పే ధర్మప్రసంగం, బయాన్, మామూలు కంటే అరగంట ఎక్కువ నడిచింది. ఆత్మకూరులో ఆ వీధి ఆడవాళ్లు మసీదుకు పోరు గానీ, మసీదు మైకు వాళ్ల దగ్గరికి వస్తుంది. మౌలాబీ వసారాలో కుట్టుమిషను ముందు కూర్చుని, దిండు గలీబులు కుడుతూ, ఒక చెవి లోపల కుక్కరు కూతలకీ ఇంకో చెవి మైకుకీ ఇచ్చింది. ఆమె భర్తకు బస్టాండు దగ్గర పరుపుల షాపు ఉంది. అక్కడ అమ్మే గలీబులన్నీ ఆమె కుట్టినవే. బోర్డు మీద పేరు మాత్రం ఆయనది.

కొత్త ఏడాది వచ్చిందని సంబరపడకండి, మీ ఆయుష్షులో ఒక ఏడాది తరిగిపోయింది అంటున్నాడు హజ్రత్. దేవుడి మీది నమ్మకం, ఈమాన్, అది కూడా ఒంటి మీది గుడ్డ లాంటిదే, రోజూ తొడిగితే నలుగుతుంది, మాసిపోతుంది, దాన్ని మళ్లీ కొత్తది చేసుకోవాలి అన్నాడు. ఏదో ఒక మంచి పని పట్టుకోండి, చిన్నదైనా సరే, ఏడాది పొడుగునా వదలకండి అన్నాడు. ఏ పనికైనా నియ్యత్తు ముఖ్యం, మనసులో సంకల్పం ఎవరిదో పుణ్యం వాళ్లది అన్నాడు. ఆ మాట దగ్గర మౌలాబీ కాలు మిషను మీద ఆగిపోయింది. కుక్కరు ఇంకో రెండు కూతలు వేసింది, పప్పు ముద్దయిపోయింది, అత్త హుసేనమ్మ చేత నాలుగు మాటలు పడాల్సి వచ్చింది.

ఖాదర్‌బాషా తెల్ల లాల్చీలో వెలిగిపోతూ ఇంటికొచ్చాడు. ముద్దపప్పును చూసి కూడా ఏమీ అనలేదంటే, మనసు ఎంత మెత్తబడి ఉందో అర్థం చేసుకోవాలి. అన్నం కలుపుకుంటూనే ఈ ఏడాది తాను చేయబోయే మంచి పనులు చెప్పడం మొదలుపెట్టాడు. ప్రతి గురువారం అయిదుగురు ఫకీర్లకు ఇంట్లో భోజనం. రోజూ అమ్మ కాళ్లకు నూనె పట్టించి ఒత్తడం. సాయంత్రాలు వీధి పిల్లలకు అరబ్బీ అక్షరాలు చెప్పించడం. పదో రోజు, ఆషూరా నాడు, షాపు ముందు రెండు వందల మందికి కిచిడీ, షర్బతు. వంటవాళ్లను పెడితే దేవుడి దీవెన, బర్కతు ఉండదట, ఇంటి ఆడవాళ్ల చేత్తోనే వండాలట. ఇన్నింటిలో ఆయన సొంతంగా చేసేది గుట్కా మానడం ఒక్కటే. అది కూడా నోట్లో వేసుకోబోయేటప్పుడు గుర్తుచెయ్యమని పెళ్లానికే అప్పజెప్పాడు. అత్త సొమ్ము అల్లుడు దానం అన్నారు గానీ, పెళ్లాం నడుము మొగుడు దానం చేస్తాడని ఎవరూ సామెత కట్టలేదు. సామెతలు కట్టినవాళ్లంతా మొగుళ్లే కాబోలు.

ఖాదర్‌బాషా చెడ్డవాడు కాడు, ఇది చెప్పకపోతే అన్యాయం. తాగడు, చెయ్యెత్తడు, కూతుర్ని నెల్లూరులో హాస్టల్లో పెట్టి చదివిస్తున్నాడు. ఆకలిగొన్నవాణ్ని చూస్తే నిజంగానే ఆయన కళ్లు తడుస్తాయి. ఆ ఆకలి తీరాలంటే ఎవరో ఒకరు పొయ్యి దగ్గర నిలబడాలన్న సంగతే ఆయన ఎరగడు.

మౌలాబీ ఆయన పళ్లెంలో మజ్జిగ పోసింది. పోసి, ఈ ఏడాదికి తనకు కూడా ఒక నియ్యత్తు ఉందని చెప్పింది. కాశింబీ అవ్వ చేసే పని ఇక మీదట తను చేస్తానంది.

ముసల్మానుల్లో ఆడమనిషి పోతే, ఖబరస్తానుకు పోయే ముందు ఆమెకు ఆడవాళ్లే స్నానం చేయించి కఫన్ గుడ్డ కట్టాలి. ఆత్మకూరు చుట్టుపక్కల నలభై ఏళ్లుగా ఆ గుసుల్ పని కాశింబీదే. ఎవరి దగ్గరా పైసా తీసుకోదు. ఇప్పుడామెకు మోకాళ్లు పోయాయి. నేర్చుకోమని ఎంతమందిని అడిగినా, భయమని కొందరు, అసహ్యమని కొందరు తప్పుకున్నారు.

మూడేళ్ల కిందట ఉదయగిరిలో మౌలాబీ తల్లి పోయినప్పుడు కాశింబీ బస్సెక్కి వచ్చింది. అప్పటిదాకా బంధువుల ఆడవాళ్లంతా గోడకు అతుక్కుని ఏడుస్తున్నారు గానీ ఒక్కరూ ముట్టుకోలేదు. మౌలాబీ కూడా ముట్టుకోలేదు. తొమ్మిది నెలలు మోసిన మనిషి నేల మీద ఉంటే, తనకేం చేయాలో తెలియక ఉత్త చేతులతో నిలబడడం ఆమె జన్మలో మరిచిపోలేని సిగ్గు. కాశింబీ రేగాకు వేసి కాగబెట్టిన నీళ్లలో మౌలాబీ మణికట్టు ముంచి, నీకు సుఖంగా ఉండాదా అని అడిగింది. ఉండాది అంటే, అయితే మీ అమ్మకూ సుఖమే, నీళ్లు పొయ్యి అంది. పైన గుడ్డ కప్పే ఉంచి, కుడి పక్క ముందు, ఎడమ పక్క తర్వాత, పసిబిడ్డకు పోసినట్టు పోయించింది. ఆ అరగంటలో మౌలాబీకి ఏడుపు రాలేదు. ఎప్పుడూ పని మీదే ఉండే అమ్మ ఒళ్లు అంత తీరిగ్గా తన చేతుల్లో ఉండడం అదే మొదలు. ఆ తర్వాత కాశింబీకి చూపు ఆనక కఫన్ గుడ్డ కత్తిరించడానికి పిలిస్తే, చుట్టాలింటికని చెప్పి అయిదారు సార్లు పోయింది. అట్లా పని మొత్తం చేతికొచ్చింది.

మౌలాబీ నియ్యత్తు విని ఖాదర్‌బాషా చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. "శవాలు కడిగిన చేత్తో కుట్టిన దిండు మీద ఎవురు పండుకుంటారే? షాపు మూసుకుంటామా?" అన్నాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని హుసేనమ్మ అందుకుంది. ఆ చేత్తో నాకు అన్నం పెట్టేదుంటే నా కూతుళ్ల దగ్గరికి కావలికి పోతానని కూడా అంది. తల్లి గొంతు పెరిగేసరికి ఖాదర్‌బాషా తగ్గాడు. పెళ్లాన్ని బుజ్జగిస్తున్నాననే అనుకుని, "నేను చేసే పుణ్యంలో సగం నీదే గదా మౌలా, నీకు మళ్లా వేరేగా ఎందుకు?" అన్నాడు.

సగం అన్న మాట మౌలాబీని వారం రోజులు వదల్లేదు. గిన్నెలు తోముతున్నా అదే, గలీబుకు అంచు కుడుతున్నా అదే. రంజాన్ నెలంతా తెల్లారకముందు తినే సహరీకి మూడింటికి లేచి అందరికీ వండి, ఆఖర్న తను మంచినీళ్లు తాగేలోపు మసీదులో అజా అయిపోయి, ఇక గొంతు తడుపుకోకూడని రోజులెన్నో. బక్రీదుకు పొట్టేలు కోసే నియ్యత్తు ఆయనది, పేగులు కడిగే చేతులు తనవి. మామ మంచాన పడిన రెండేళ్లు మలం ఎత్తింది తను, తండ్రికి సేవ చేసిన కొడుకని ఊరు మెచ్చుకున్నది ఆయన్ని. ఇవన్నీ చేసినందుకు ఆమెకు ఏడుపేం లేదు. చేసేటప్పుడు ఎవరూ ఆమెను చేస్తావా అని అడగలేదు, చెయ్యి అన్నారు. అడగని పనికి నియ్యత్తు ఎక్కడినుంచి వస్తుంది? ఇన్నేళ్లలో ఇది నా కోసం, నా ఇష్టంతో, నా దేవుడి కోసం అనుకుని ఒక్కసారి బిస్మిల్లా చెప్పి మొదలుపెట్టిన పని ఆమెకు గుర్తు రాలేదు. రేపు పైకి పోయినప్పుడు నువ్వేం చేశావమ్మా అంటే, మా ఆయన్ని అడగండి అని చెప్పాలా? ఆమెకు కోపం వచ్చింది. అరవలేదు, ఆ వారం కూరల్లో ఉప్పు కూడా తేడా రాలేదు, కానీ కోపం వచ్చింది.

ఆషూరా వచ్చింది. తొమ్మిదో రోజూ పదో రోజూ రోజా పట్టి ఉపవాసముండే అలవాటు మౌలాబీకి చిన్నప్పటినుంచీ ఉంది. రోజాతోనే తెల్లారి అయిదింటికి పెరట్లో రాళ్లు పేర్చి పొయ్యి పెట్టింది. అద్దెకు తెచ్చిన పెద్ద డేగిసా ఎక్కించి, ఎనిమిది కిలోల ఉల్లిగడ్డలు తరిగి, మసాలా వేయించి, పప్పు వేసింది. తొమ్మిదికి కాశింబీ ఫోన్ చేసింది.

అనుమసముద్రంపేటలో దర్గాకని ఆదోని పక్కనుంచి వచ్చి, నెలరోజులుగా అద్దె గదిలో ఉంటున్న ముసలి దంపతుల్లో ఆడమనిషి పొద్దున్నే పోయిందట. వెంట భర్త తప్ప ఇంకెవరూ లేరు. పేటలో పని తెలిసిన ఇద్దరు ఆడవాళ్లూ ఆ రోజు ఊళ్లో లేరు. మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే మట్టి చేయాలి. ఆడమనిషి దొరక్కపోతే, మగవాళ్లే చేతికి గుడ్డ చుట్టుకుని మట్టి అద్ది మొహాన్నీ చేతుల్నీ తడిమి తయమ్ముం చేసి, నీళ్లు పోయకుండానే పూడ్చాలి. అంతకు మించి వాళ్లకు, భర్తకైనా సరే, అనుమతి లేదు.

"నేను మంచం దిగలేకుండా ఉండానమ్మా," అంది కాశింబీ. "పోయేదుంటే పో. పోలేకుంటే పోలేనని ఇప్పుడే చెప్పు. ఆ మనిషిని కాచుకోబెట్టబాక."

పోతున్నానని చెప్పి మౌలాబీ ఫోన్ పెట్టేసింది. అప్పుడే ఖాదర్‌బాషా షర్బతు డబ్బాలు తీసుకుపోవడానికి ఆటోతో వచ్చాడు. విషయం చెప్పేసరికి ముందు నవ్వాడు, ఆమె చేతులు కడుక్కోవడం చూసి నవ్వు ఆపాడు.

"కిచిడీ సగంలో ఉండాది. రెండొందల మంది వస్తారే."

"పప్పు ఉడికింది. బియ్యం నానబెట్టి ఉండాయి, వడకట్టి పొయ్యి. ఉప్పు నాలుగు గుప్పిళ్లు. అడుగంటకుండా కలుపుతా ఉండు."

"నాకేం తెలుసే ఇదంతా?"

"పుట్టంగానే నాకూ తెలీదయ్యా."

ఆయన గొంతు తగ్గించాడు. "పుణ్యం పని మౌలా. మధ్యలో వదలకూడదు."

"అందుకే నువ్వు వదలబాక," అని గరిటె ఆయన చేతికిచ్చి, కత్తెర సంచిలో వేసుకుని బయల్దేరింది. వీధి మలుపు తిరిగేదాకా వెనక హుసేనమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. మౌలాబీ బస్సెక్కి కూర్చుంది. ఇంటి నుంచి ఎవరి అనుమతీ లేకుండా బయటికి రావడం అదే మొదటిసారి. సంగం పక్కకు పోయే బస్సులూ పేటకు పోయే ఆటోలూ ఎప్పటిలాగే పోతున్నాయి, ఆకాశమేం విరిగి పడలేదు.

చనిపోయినామె పేరు ఖైరూన్. భర్త గది బయట మెట్టు మీద కూర్చుని, ఆమెకు చన్నీళ్లు పడవమ్మా అని ఒక్క మాట చెప్పాడు. పక్క కొట్టు ఆడవాళ్లిద్దరు నీళ్లు అందించడానికి ఒప్పుకున్నారు. మౌలాబీ రేగాకు నీళ్లు కాగబెట్టి, మణికట్టు మీద పోసుకుని చూసుకుంది. చుట్టూ చీరలు కట్టించింది. మనసులో నియ్యత్తు చేసుకుంది. అది పెద్ద దువా ఏం కాదు, నేను మౌలాబీని, ఈ పని నేను చేస్తున్నాను అని మాత్రమే. తర్వాత బిస్మిల్లా అని ఖైరూన్ కుడి చెయ్యి అందుకుంది.

ఆ ఒంటి మీద మౌలాబీ ఏం చూసిందో ఇక్కడ రాయకూడదు. కడిగినవాళ్లు చూసింది దాచిపెట్టాలి, దాచినవాళ్లకు నలభై సార్లు మాఫీ దొరుకుతుందని కాశింబీ మొదటి రోజే చెప్పింది. కథ చెప్పేవాళ్లకూ అదే షరతు. చేతుల గురించి మాత్రం చెప్పొచ్చు, అవి ఎవరివో పోల్చుకోలేం కాబట్టి. పెనం వాతలు, కత్తిపీట గాట్లు, అరిగిపోయిన గోళ్లు. మౌలాబీ ఆ వేళ్లను ఒక్కొక్కటీ విడదీసి కడిగింది. తొందరపడలేదు. ఆ చేతులు ఎవరి తొందర కోసమో బతికినన్నాళ్లూ పరుగెత్తి ఉంటాయి, ఈ ఒక్క గంటైనా నెమ్మదిగా ఉండనీ అనుకుంది. అప్పుడు ఏడుపొచ్చింది. కన్నీళ్లు నీళ్లలో పడకుండా మొహం పక్కకు తిప్పుకుని, మళ్లీ పనిలో పడింది. చివరి నీళ్లలో కర్పూరం కలిపి పోసి, తడి అద్ది, తన చేత్తో కత్తిరించిన తెల్లగుడ్డలు వరసగా చుట్టింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఖాదర్‌బాషా వసారాలో కూర్చుని, కాలిన మోచేతికి టూత్‌పేస్టు రాసుకుంటున్నాడు. కిచిడీ అడుగంటిందట, అయినా జనం తిన్నారట. ఉప్పు మాత్రం ఎక్కువైందన్నారట. నాలుగు గుప్పిళ్లంటే నీ గుప్పిళ్లో నా గుప్పిళ్లో చెప్పలేదే అన్నాడు. పేటకు ఎందుకు పోయిందో షాపు దగ్గర అప్పటికే ముగ్గురు అడిగారని, రేపు గిరాకీ ఎట్లుంటుందో చూడాలని గొణిగాడు. చూద్దాంలే అంది మౌలాబీ. మళ్లీ పోవద్దని మాత్రం ఆయన అనలేదు. పొద్దు గుంకి మగ్రిబ్ అజా కావడంతో మసీదుకు పోయాడు.

మౌలాబీ ఇంట్లో అడుగుపెట్టకుండా పెరట్లోకి చుట్టి పోయి, స్నానం చేసి, రోజా విడవడానికి వంటింట్లోకి పోయింది. హుసేనమ్మ అక్కడ పీట మీద కూర్చుని ఉంది. కావలికి పోవడానికి సంచి సర్దుకుని ఉంటుందనుకుంది మౌలాబీ. సంచి లేదు. ఒక గిన్నెలో మూడు ఖర్జూరాలు, పక్కన చెంబుతో నీళ్లు పెట్టి ఉన్నాయి. ఆ ఇంట్లో మౌలాబీ రోజాకు ఇంకొకరు నీళ్లు పెట్టడం ఇదే మొదలు. ఆమె ఖర్జూరం నోట్లో వేసుకునేదాకా ఆగి ముసలామె అడిగింది.

"చూసింది బయట చెప్పగూడదంట గదా?"

"చెప్పగూడదత్తా."

"వాడికి గూడా?"

"ఎవురికీ చెప్పను."

హుసేనమ్మ వాకిలి వైపు ఒకసారి చూసింది. కొంగు భుజాల చుట్టూ బిగించుకుంది.

"అయితే నేను పోయినప్పుడు నా నీళ్లు నువ్వే పొయ్యి. కూతుళ్లను లోపలికి రానీబాక. నా వీపు మీద మీ మామ చేసింది ఉండాది, యాభై ఏండ్లుగా వాళ్లకు గూడా చూపీలా."