లంబూ అసలు పేరు

పురానాపూల్ దగ్గర కరీం నాన్ దుకాణంలో మాట తక్కువ, పని ఎక్కువ. తెల్లవారకముందే తందూరు వెలిగిస్తే మధ్యాహ్నం దాకా నాలుగు మూలల నాన్లు దిగుతూనే ఉంటాయి. కరీం పిండి పిసికి ఉండలు చేస్తాడు, కాలిన నాన్లు తందూరులోంచి తీస్తాడు. లంబూ వాటిని సాగదీసి తందూరు గోడకు కొడతాడు. పదకొండేళ్లుగా ఇదే వరస.

ఆ లంబూకు పోలండ్‌లో ఒక హోటల్లో ఉద్యోగం వచ్చింది. అక్కడా తందూరు పనే. ఆఫర్ కాగితం చేతికొచ్చింది గానీ వర్క్ పర్మిట్ రావాలి. దానికి, ఈ పని ఇన్నేళ్లు చేశాడని యజమాని రాసివ్వాలి. లంబూ గౌలిపురలో ఇంగ్లీషులో కాగితం కొట్టించుకొచ్చాడు. కరీం చేతులు తుడుచుకుని కింద ఉర్దూలో సంతకం పెట్టాడు. ఆయనకు ఉర్దూ తప్ప మరో రాత రాదు.

"ఏం రాసిండ్రో అడగవా చాచా?"

"నీ గురించే కద. ఏం అడగాలె."

వారం తరువాత, గిరాకీ మీదున్నప్పుడు ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి, ఢిల్లీ నుంచి, హిందీలో. డానియేలు అనే ఆయన మీ దగ్గర పనిచేస్తున్నాడా అని అడిగింది. ఫోన్లలో మోసాలు ఎక్కువయ్యాయని కరీం రోజూ వింటున్నాడు. ఆ పేరుగల వాళ్లెవరూ లేరని చెప్పి పెట్టేశాడు. పక్కనే లంబూ తందూరులోకి వంగి ఉన్నాడు. వినలేదు.

మర్నాడు లంబూ పనికి రాలేదు. అతని భార్య బేబీ వచ్చింది.

"చాచా, మా ఆయన నీ దగ్గర పని చేయలేదా?"

"ఎవరన్నరు?"

"నువ్వే అన్నవంట. పర్మిట్ ఆపేసిండ్రని ఏజెంటు వెస్లీ అన్న చెప్పిండు."

"లంబూ గురించి నన్నెవరూ అడగలే. ఎవరో డానియేలని..."

"డానియేలు మా ఆయనే."

కరీం చేతిలో పిండి ఉండ అట్లాగే ఉండిపోయింది. మొదటి రోజు ఎవరో తీసుకొచ్చి ఈ పొడుగాయనను పెట్టుకోమన్నారు. అప్పటి నుంచి లంబూయే. లంబూ పెళ్లి కార్డు తెలుగులో ఉంది. పెళ్లినాడు కరీం చర్చి లోపలికి పోనేలేదు, వెనకాల బిర్యానీ దేగ్‌ల దగ్గరే ఉన్నాడు.

"పదకొండేండ్లు ఒక్క తట్టల తిన్నరు. పేరడగనీకి నోరు రాలేదా?" అంది బేబీ. "లంబూ పోతే దుకాణం నడవదని గిట్ల చేసినవంటుంది మా అత్త."

"నువ్వేమంటవు?"

బేబీ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. వాళ్ల అత్త అన్న మాట మాత్రం కరీంను వదల్లేదు. లంబూ పోతే దుకాణం నడవదన్నది నిజమే. దాని గురించి బాధపడ్డదీ నిజమే. కానీ ఆ ఫోన్లో లేడన్నది అందుకు కాదు.

ఇంట్లో భార్య అజ్మతున్నీసాకు చెప్పాడు. ఆమె నవ్వాపుకోలేకపోయింది.

"నా పేరన్నా యాదున్నదా నీకు? నలభై ఏండ్లల్ల ఒక్కనాడు పిలువలే."

వెస్లీ కాళ్లావేళ్లా పడితే ఢిల్లీ పర్మిట్ ఆఫీసువాళ్లు ఇంకొక్కసారి వీడియోలో మాట్లాడతామన్నారు. గురువారం, మూడు గంటలకు. ఆ వేళకు రోజూ తందూరు చల్లారిపోతుంది. ఆ రోజు కరీం చల్లారనివ్వలేదు. లంబూ వచ్చి పక్కన నిలబడ్డాడు. వెస్లీ ఫోన్ పట్టుకున్నాడు.

"మొన్న లేడన్నారు, ఇవాళ ఉన్నాడంటున్నారు. ఏది నమ్మాలి?" అని అడిగింది మొన్న ఫోన్ చేసినామె.

రెండు రోజులుగా కూడబెట్టుకున్న మాటలు కరీం పక్కన పెట్టేశాడు.

"పేరు తెల్వదు బేటీ. తప్పు నాది. మనిషిని మాత్రం తెలుసు," అన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, లంబూ కుడిచేతిని లాగి తన కుడిచేతి పక్కన పెట్టాడు. రెండు చేతుల మీదా మోచేతి దాకా ఒక్క వెంట్రుక లేదు. ఇద్దరికీ మణికట్టు పైన ఒకే చోట నల్లటి మచ్చ, తందూరు అంచు తగిలి కాలినది. "గిది ఒక్క ఏడాదిల రాదు. లంబూ, కొట్టు."

లంబూ వంగాడు. ఊపిరి తీసుకునే లోపల నాలుగు నాన్లు గోడకు అతుక్కున్నాయి, ఒకదానికొకటి తగలకుండా. ఆమె చూసి, ఏదో రాసుకుని ఫోన్ పెట్టేసింది.

పంతొమ్మిదో రోజున పర్మిట్ వచ్చింది. ఆ సంగతి చెప్పి లంబూ ఎప్పటిలాగే తందూరు దగ్గర నిలబడ్డాడు. కరీం ఉండ చేసి చాచాడు.

"డానియేలూ."

లంబూ తల తిప్పలేదు.

"డానియేలూ."

ఉహూ.

"అరే లంబూ."

"ఆ, చాచా."

"అక్కడోళ్లు పిలిస్తె పలుకవా? ఇయ్యాల్టి నుంచే అలవాటు చేసుకో," అని కరీం ఉండ అతని చేతిలో పెట్టాడు. "నేను గూడ చేసుకుంట."