ఆరు కుర్చీల టేబుల్

మా ఆయన వెంకట్రాజం మోకాళ్లు అరిగిపోయాయనీ, ఇక నేల మీద కూర్చోవద్దనీ హనుమకొండ డాక్టరు చెప్పినప్పుడు, నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల సంతోషమే అయింది. మొగుడి మోకాళ్లు పోతే సంతోషపడే ఆడది ఎక్కడైనా ఉంటుందా అని తిట్టుకోకండి. ఇంట్లోకి డైనింగ్ టేబుల్ వస్తుందని ఆ సంతోషం.

పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆయనతో కలిసి కూర్చుని ఒక్క పూట తినలేదు నేను. మా అత్తగారి లెక్కలో మగవాళ్లు తిన్నాకే ఆడవాళ్లు. అత్తగారు పోయినా ఆ అలవాటు పోలేదు. మధ్యాహ్నం తన హోల్‌సేల్ కిరాణా దుకాణం నుంచి రాగానే ఆయన వంటింట్లో పీట వేసుకుని కూర్చునేవారు. నేను పక్కనే గిన్నెలు పెట్టుకుని కూర్చుని వడ్డించేదాన్ని. టేబుల్ వస్తే నాకూ ఒక కుర్చీ ఉంటుంది, ఆయన తింటుండగానే నేనూ తింటాను. అంతే నా ఆశ. పైకి మాత్రం, కొత్త ఇల్లు కదా, హాలు బోసిగా ఉంది, టేబుల్ ఉంటే అందం అని చెప్పాను.

మా జనగామలోనే సూర్యాపేట రోడ్డులో ఒక ఫర్నిచర్ దుకాణానికి వెళ్లాం. అక్కడ సేల్స్‌మన్ కరుణాకర్ సంబంధం చూడవచ్చినవాడిలా ఇంటి సంగతులన్నీ అడిగాడు.

"హాల్ల టైల్స్ ఏం రంగక్కా? పరదాలేం రంగు? టీవీ యూనిట్ లైటా, డార్కా?"

ఫోన్‌లో ఫొటోలు చూపించాను. అద్దం పలకవి, పాలరాయి పలకవి, టేకువి వరసగా చూపించాడు. నా కళ్లు మాత్రం మూలన ఉన్న చిన్న గుండ్రటి టేబుల్ మీదే ఉన్నాయి. ఎటు కూర్చున్నా ఎదుటివాళ్ల కంచం చేతికి అందుతుంది.

"గిది మంచిగున్నది గదా?" అని మా ఆయన్ని అడిగాను.

"నీ ఇష్టం. నాకేం తెలుస్తది?" అన్నారు. బెల్లం వాసన చూసి ఎక్కడి సరుకో చెప్పే మనిషి, టేబుళ్ల మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డారు.

హైదరాబాద్ హాస్టల్లో ఉన్న మా అమ్మాయి హిమజ వీడియో కాల్‌లో చూసి ఒక్కటే గోల. "అమ్మా, గంత పొడుగు హాల్ల గీ చిన్న గుండ్రందా? అస్సలు సెట్ కాదు. టీవీ యూనిట్ రంగుల ఆరు కుర్చీలది తీస్కో. పరదాలకు గూడ మ్యాచయితది."

అందం అన్నది నేనే కదా, ఇప్పుడేమని కాదంటాను? ఆరు కుర్చీలదే తీసుకున్నాం.

అబద్ధమెందుకు, టేబుల్ బ్రహ్మాండంగా కుదిరింది. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి చూసి, ఈ ఇంటికోసమే చేయించినట్టుందన్నారు. నేనూ మురిసిపోయాను.

మొదటి రోజు అన్నం, కూర, చారు, పెరుగు అన్నీ టేబుల్ మీద సర్ది రెండు కంచాలు పెట్టాను. ఆయన టీవీకి ఎదురుగా కూర్చున్నారు. పక్క కుర్చీలో నేను. వడ్డిద్దామని గంటె అందుకోబోతే ఆయనే తీసుకున్నారు.

"అన్నీ ఈడ్నే ఉన్నయి గదా, నేనేసుకుంట. ఇగనన్న నువ్వు సుఖంగ తిను."

వార్తలు చూస్తూ తిన్నారు. చెయ్యి కడుక్కున్నారు. దుకాణానికి వెళ్లిపోయారు. రోజూ ఇదే వరస.

అప్పుడు తెలిసింది నాకు. వంటింట్లో పీట మీద కూర్చున్నప్పుడు నా గంటెకూ ఆయన కంచానికీ మధ్యనే మా సంసారమంతా నడిచింది. అన్నం పెడుతుంటే, పాలకుర్తి కిరాణా కొండల్ బిడ్డకు పెళ్లి కుదిరిందట అనేవారు. కూర వేస్తుంటే, చిల్పూరు గుట్టకు దర్శనానికి ఎప్పుడు పోదామనేవారు. మాట మిగిలి ఉందనిపిస్తే నేను చారు మెల్లగా పోసేదాన్ని. ఇన్నేళ్లూ నేను ఆయనతో కలిసే తిన్నాను, నా ముందు కంచం లేదంతే. ఇప్పుడు కంచం ఉంది, మనిషి లేడు. ఇంత ఒంటరితనం అత్తగారి రాజ్యంలో కూడా నాకు తెలియదు.

"ఇయ్యాల దుకాణంల ఏం సంగతి?" అని నేనే అడిగి చూశాను.

"ఏముంటది? రోజు లెక్కనే."

మళ్లీ నేల మీద కూర్చోమందామంటే ఆ మోకాళ్లు ఒప్పుకోవు. అందుకని ఒక దొంగ ఉపాయం పన్నాను. చారు గిన్నె కావాలనే వంటింట్లో వదిలేసి వచ్చాను.

"కనకా, చారేదీ?"

"అయ్యో, మర్చిపోయిన!" అంటూ పరుగెత్తి తెచ్చి, ఆయన పక్కన నిలబడి నా చేత్తో పోశాను. ఆయన తలెత్తి, "మిర్చి ధర పడిపోయింది. పంట తెచ్చిన కొడకండ్ల పోచయ్య మొఖం చూడలేకపోయిన నేను," అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు పొద్దుగూకేదాకా గడిచింది. అప్పటి నుంచి రోజూ చారు మర్చిపోవడమే నా పని.

నిన్న కూడా మర్చిపోయాను. ఆయన పిలవలేదు. టేబుల్ అంచు పట్టుకుని లేవసాగారు.

"కూర్చోన్రి, నేను తెస్త," అన్నాను కంగారుగా.

"నువ్వు కూర్చో. రోజు నువ్వే ఉరుకుతున్నవ్. మతిమరుపు వస్తున్నట్టుంది నీకు, పరేషాన్ గాకు. తినేటప్పుడన్న జర నిమ్మళంగ ఉండు."

ఒక్కో కుర్చీ వీపు పట్టుకుంటూ, పళ్లు బిగబట్టి వంటింట్లోకి వెళ్లారు. అలాగే చారు గిన్నెతో వచ్చారు. ముందు నా కంచంలో పోశారు. ఆయన నాకు వడ్డించడం అదే మొదటిసారి. నేను ముద్ద కలపకుండా ఆయన మొహంలోకే చూస్తూ ఉన్నాను, ఇప్పుడు ఏదైనా అంటారని.

ఆయన తన కంచంలోనూ పోసుకుని కూర్చున్నారు. మోకాలు రుద్దుకుంటూ టీవీ వైపు తిరిగారు.

ఇవాళ చారు గిన్నె నేనే తెచ్చి టేబుల్ మీద, ఆయన చేతికి అందేటట్టు పెట్టాను.