నాలుగడుగుల నీళ్ళు

ఆదివారమంటే మా ఇంట్లో గంజి రోజు. మా ఆయన దేవేంద్రవి ఆరు తెల్లచొక్కాలు. అన్నం వార్చిన గంజిని గుడ్డతో వడగట్టి, నీళ్ళు కలిపి, ఒక్కో చొక్కా ముంచి పిండి, ముడత లేకుండా దులిపి తీగ మీద వెయ్యాలి. "ఫంక్షన్‌లో నలుగురు చూసేది మనిషిని కాదే, కాలర్‌ను" అంటాడు. ఆ కాలర్ నిలబడడానికి తొమ్మిదేళ్ళుగా వంగుతున్న నడుము నాది. కాలర్‌ను చూసేవాళ్ళకు నడుము కనపడదు. ఈ మాట చెబితే "మళ్ళా మొదలుపెట్టినావా" అంటాడు. మొదలుపెట్టడమే గానీ పూర్తి చెయ్యడానికి నాకు ఎప్పుడు తీరింది?

ఎమ్మిగనూరు బస్టాండు వెనక ఉన్న స్టూడియో బోర్డు మీద ఆయన పేరుంది. ఆల్బమ్‌లన్నీ చేసేది మాత్రం నేను, వంటింటి పక్క గదిలో, కుక్కర్ విజిల్ మీద ఒక చెవి వేసి. పెళ్ళికూతుళ్ళ మొటిమలు నేను చెరుపుతాను, పెళ్ళికొడుకుల పొట్టలు నేను తగ్గిస్తాను. పెళ్ళిళ్ళకు లైటు పట్టుకోవడానికి నన్ను వెంట తీసుకుపోతాడు. ఎవరన్నా అడిగితే "మా ఇంటామె, ఊరికే తోడొచ్చింది" అంటాడు. మూడు గంటల సేపు చేయెత్తి లైటు పట్టుకున్నదాన్ని ఊరికే వచ్చిన మనిషినయ్యాను.

ఈ బతుకులోకి ఆదోని నుంచి తహసీన్ వచ్చింది. ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. నెల తిరిగేసరికి నిఖా. నీళ్ళ అడుగున ఒక ఫోటో కావాలంది. ఫోన్‌లో ఎవరిదో చూసిందట, వెంట్రుకలు పైకి లేచి, చీర పొగలాగ తేలుతున్న ఫోటో.

"నీళ్ళలో ఎవరూ నవ్వమనరు కదక్కా" అంది నాతో. "రేపట్నుంచి జిందగీ మొత్తం నవ్వుతానే ఉండాల. ఒక్క ఫోటోలో నా మొహం నా మాదిరి ఉండనీ. కానీ కెమెరా నువ్వు పడితేనే. మొగోళ్ళుంటే మా అమ్మీ ఒప్పుకోదు."

ఆమె తల్లి జమ్రుద్‌బీ అవునన్నట్టు తలూపింది. దేవేంద్రకు ఇంకో దారి లేకపోయింది. వాళ్ళ ముందు పెద్దమనిషిలాగే ఒప్పుకున్నాడు. వాళ్ళు పోయాక నాతో అసలు మాట అన్నాడు. "చూడు, ఇది బాగా వచ్చిందంటే ఇంక ఆడోళ్ళ ఆర్డర్లన్నీ నీకే ఇడుస్తా. బోర్డు మీద నీ పేరు కూడా రాయిస్తా. రాలేదనుకో, నోరు మూసుకోని ఆల్బమ్‌లు చూసుకోవల్ల. మళ్ళా కెమెరా మాట ఎత్తకూడదు."

ఎత్తనన్నాను. అంత నమ్మకం నాకు.

ఏ సామాను తెప్పించాలో తేల్చడానికి ఆదోనిలో కెమెరాలు అమ్మే బసవన్నకు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాడు, నేను వినాలని కాదు, పల్లీలు వలుస్తూ చేతులు ఖాళీ లేక. "ప్లాస్టిక్ సంచి ఉంటాది దేవేంద్రా, కెమెరా అందులో ఏసి జిప్పు బిగించేది, అంతే. గట్టి ఫ్లాష్ ఒకటి పెట్టుకో" అన్నాడు బసవన్న.

"సంచి వద్దు, ఫ్లాషూ వద్దు" అన్నాను.

"వదినకు ఏం తెలుస్తాదిలేప్పా" అని ఫోన్ నవ్వింది.

వదినకు ఏం తెలుసో చెబుతా. పది రోజులుగా పెరట్లో సిమెంటు తొట్టి ముందు కూర్చున్నాను, గిన్నెలు తోముతున్నానని ఇంట్లో అనుకున్నారు. పటం నుంచి తీసిన బల్లపరుపు అద్దాన్ని డబ్బాకు అంటించి, వెనక ఫోన్ పెట్టి నీళ్ళలో ముంచితే తొట్టిలో ఉన్న చెంబు దగ్గరికొచ్చి సగమే కనిపించింది. అద్దానికి బదులు గుండ్రటి గాజు గిన్నె ముంచితే చెంబు మొత్తం కనిపించింది. మాకు దొరికేది పిల్లల స్విమ్మింగ్ పూలు, నాలుగడుగుల నీళ్ళు, అందులో వెనక్కి జరిగే చోటుండదు. కాబట్టి దగ్గర నుంచే మనిషంతా పట్టే వైడ్ లెన్స్ కావాలి, దాని ముందు ఆ గాజు గిన్నెలాంటి గుండ్రటి డోమ్ కావాలి. సంచికి డోమ్ ఉండదు, కెమెరాను నీళ్ళు చొరకుండా బిగించే గట్టి పెట్టెకే, హౌసింగ్‌కే ఉంటుంది. ఇక టార్చి వేసి చూస్తే తొట్టిలోని నలుసులన్నీ మంచు కురిసినట్టు మెరిశాయి. ఫ్లాష్ పెడితే జరిగేది అదే. లోతుకు పోయేకొద్దీ నీళ్ళలో ఎర్రరంగు చస్తుంది, ఇక్కడ లోతు లేదు కనుక చావదు, పదకొండు గంటల ఎండ నేరుగా అడుగుదాకా దిగుతుంది. కావలసిందల్లా ఆ ఎండ, తేట నీళ్ళు.

తేట నీళ్ళు. ఆ మాట ఇంట్లో ఎన్నిసార్లన్నానో. అన్నం పెడుతూ అన్నాను, అత్త సుంకులమ్మ మోకాళ్ళకు నూనె రాస్తూ అన్నాను. "నీళ్ళు తేటగా ఉంటే చాలత్తా, మిగతాది నేను చూసుకుంటా." అత్త ఊఁ కొట్టేది.

చివరికి నేను అడిగిందే తెప్పించాడు, వారంలో తిప్పి పంపొచ్చనే షరతు ఉంది కనుక. "పంపేటప్పుడు బసవన్న ముందర నా పరువు పోతాది" అని ముందే అనేశాడు.

తహసీన్ కట్టుకోబోయే చీర నాది. మా నాయన నేసిన నూలుచీర, మిరపపండు రంగు. నీళ్ళలో పమిట తేలాలి గానీ కుచ్చిళ్ళు ఉబ్బి పైకి లేవకూడదని అంచుకు లోపలివైపు చిన్న ఇనుప వాషర్లు కుట్టాను. శనివారం మూడు నీళ్ళలో నానబెట్టి, ఉన్న గంజి ఆనవాలంతా వదిలించాను. నేతోళ్ళ బిడ్డకు అది ఒకరు చెప్పాలా? ఆదివారం చొక్కాల పక్కనే తీగ చివర ఆరేశాను.

"పోయి నీ కెమెరా చూసుకోపో. చీర మడిచి సంచిలో నేను పెడతాలే" అంది అత్త.

తొమ్మిదేళ్ళలో ఆమె అట్లా అనడం మొదటిసారి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత చవక నేను.

సోమవారం ఆదోని రోడ్డులో దుర్గప్ప తోట. పిల్లల కోసం కట్టిన స్విమ్మింగ్ పూలు, నా రొమ్ముల దాకా నీళ్ళు. మధ్యాహ్నం దాకా ఆడవాళ్ళకే అని గేటు మూయించాం. హౌసింగ్‌ను ముందు కెమెరా లేకుండా ముంచి చూశాను. చుక్క కారలేదు. కెమెరా పెట్టి, మునిగి, నా చెయ్యి నేనే తీసుకున్నాను. అడుగున ఎండ వలలాగ కదులుతోంది. గాజులు, గోళ్ళు, అన్నం వార్చేటప్పుడు కాలిన మచ్చ, అన్నీ స్పష్టంగా వచ్చాయి. నా జన్మలో నేను తీసిన మొదటి మంచి ఫోటో అది.

గదిలో చీర మార్చుకుని తహసీన్ మెట్లు దిగింది. చీర కాగితంలాగ చప్పుడు చేసింది. ఆగమని నేను చెయ్యెత్తేలోపే ఆమె ఊపిరి బిగించి మునిగింది. కుచ్చిళ్ళలోంచి తెల్లటి మబ్బు లేచింది. డోమ్‌లోంచి చూస్తే మొహం లేదు, పాలు ఒలికినట్టుంది. ఇంకో మూలకు జరిగాం, మబ్బు వెంటే వచ్చింది. నీళ్ళు నాలుక మీద వేసుకున్నాను. గంజి. చిక్కటి గంజి.

"ఏమైంది బేటీ?" అని గట్టు మీద నుంచి జమ్రుద్‌బీ అడుగుతూనే ఉంది. తోటలో పనిచేసే ఆడమనిషి పోయి చెప్పినట్టుంది, గోడవతల నుంచి దుర్గప్ప కేక వేశాడు. "నీళ్ళు పాడు చేస్తాండారంట! రేపు పిల్లోళ్ళు దిగాల. పైకి రాండమ్మా!"

తహసీన్ కళ్ళు తుడుచుకుంటూ గట్టెక్కింది. గురువారం నిఖా. మధ్యలో పసుపు, మెహందీ. మళ్ళీ దిగడమనేది లేదు, ఇప్పుడు కాదు, ఎప్పుడూ కాదు, అది ఆమెకూ తెలుసు. "నువ్వు మంచిగనే చేసినావక్కా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

దేవేంద్ర కంప్యూటర్‌లో ఫోటోలు ఒక్కొక్కటీ తిప్పాడు. "ఓహో, ఊటీకి పోయొచ్చినారా? మంచు బాగా పట్టింది."

"చీరలో గంజి ఉండింది."

"చీర తప్పు, నీళ్ళ తప్పు. నీది మాత్రం ఏం లేదు. ఈ ఇంట్లో గంజి పెట్టేదెవరే? నువ్వే కదా?"

నేనే కదా.

నా చెయ్యి ఫోటో వచ్చినప్పుడు ఒక క్షణం ఆగాడు. "ఇదొకటి బాగుంది" అని, కార్డు మొత్తం చెరిపేశాడు, ఇంకో ఫంక్షన్‌కు కార్డు ఖాళీ కావాలని.

బుధవారం మధ్యాహ్నం హౌసింగ్‌ను పెట్టెలో సర్దుతున్నాను. తిప్పి పంపే కాగితం మీద కారణం రాయాలి. 'తప్పుగా ఎంచుకున్నాం' అని రాయమని చెప్పి స్టూడియోకు పోయాడు. అత్త గోడకు ఆనుకుని కాళ్ళు చాపి కూర్చుంది.

"చీరకు గంజి ఎందుకు పెట్టినావత్తా?"

మరిచిపోయి పెట్టిందనో, చీర మెత్తగా ఉంటే నామర్దా అనుకుందనో నా ఊహ. ఆ మాటే అని ఉంటే నమ్మేదాన్ని.

"తేట నీళ్ళు తేట నీళ్ళని ఒగటే జపం చేస్తాంటివి. నాకు చెవులు లేవనుకున్నావా? నలభై ఏండ్లు వీధిలో నిలబడి మగ్గం పడుగు దారాలకు గంజి పట్టించినదాన్ని. గంజి నీళ్ళలో పడితే ఏమైతాదో నాకు తెలీదా?"

నా చేతిలో టేపు ఆగిపోయింది.

"నువ్వు కెమెరా తగిలించుకోని ఆదోనికి, కౌతాళానికి పోతాంటే ఈడ పొయ్యికాడ ఎవరుండల్ల? వాడుంటాడా?" మోకాలు చూపించింది. పనస కాయంత వాచింది. "నువ్వొచ్చినాక కదా నేను కూచున్నది. మళ్ళా లేయమంటావా?"

కోపం వచ్చింది. ఆమె మీద తీర్చుకుందామంటే ఆ మోకాలు అడ్డం. ఎవడి మీద తీర్చుకోవాలో వాడు ఈ సంగతిలో లేనే లేడు. వాడు గంజి పెట్టలేదు, చీర ముట్టలేదు. వాడు చేసిందల్లా ఏమీ చెయ్యకపోవడం. దానికి సాక్ష్యం ఎక్కడ నుంచి తేవాలి?

వాకిట్లో చెప్పులు విప్పిన చప్పుడు. "అన్నం!" అన్నాడు దేవేంద్ర. పేరు పెట్టి పిలవలేదు. ఆ కేకకు పేరు అక్కర్లేదు.

ఇద్దరం ఒకేసారి కదిలాం. ఆమె చెయ్యి మోకాలి మీదికి, నా చెయ్యి నేల మీదికి.

నేను మళ్ళీ కూర్చున్నాను.

అత్త నా వైపు చూసింది. కాగితం మీద కారణం అన్నచోట ఏమీ రాయకుండా పెట్టె మూసి టేపు అంటించాను. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ, ఆమె అన్నం పెట్టడానికి పోయింది.