వడదెబ్బకు పోయిన మనిషి

సినిమా కథలో త్రినాథరావు వడదెబ్బకు పోయాడు. బయట మాత్రం హైదరాబాదు ఎన్నడూ ఎరగనంత చలి. షూటింగులకు అద్దెకిచ్చే జూబ్లీ హిల్స్ బంగళా పెరట్లో, పొద్దున్నే, పంచె ఒక్కటి కట్టి, నడుం పైన నూలుపోగు లేకుండా ఆయన్ని పాడె మీద పడుకోబెట్టారు. చేతులు కట్టి, కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టి, ముక్కుల్లో దూది పెట్టారు.

మొన్న శవానికి స్నానం చేయించే షాటులో బిందెలకొద్దీ చన్నీళ్ళు గుమ్మరించారు. ఊరంతా తిరుగుతున్న ఫ్లూ ఆయన్నీ పట్టుకుంది. ఇవాళ రాలేనంటే మేనేజరు వినలేదు. నిన్ననే మొహం దగ్గరగా తీసేశారు, ఇంకొకరిని పడుకోబెట్టడానికి వీల్లేదన్నాడు. ఫిల్మ్‌నగర్‌లో శవానికి కూడా సెలవుండదు.

సినిమావాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. శవంగా నటించినవాడు లేచేముందు కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వు సినిమాలో ఉండదు. ఇది ఉత్తుత్తి చావని యముడికి తెలియడానికి తీస్తారు. కిందటేడు పట్టాభిరామయ్య అనే నటుడు తొందరలో నవ్వకుండా లేచి వెళ్ళి, నెల తిరక్కుండా నిజంగానే పోయాడు. ఆయనకి అంతకుముందే గుండెజబ్బు ఉంది. ఆ సంగతి త్రినాథరావు భార్య బాలాత్రిపురసుందరికి చెప్పి చూడండి! అప్పట్నుంచీ ఈయన పాడె ఎక్కిన రోజున ఆవిడ ఫోన్ చేసి ఒకటే మాట అడుగుతుంది, "లేచారా?" అని. ఇవాళ బయల్దేరుతుంటే నుదురు తాకి చూసి, నవ్వకుండా లేవనని ఒట్టు వేయించుకుంది. ఆయన పైకి విసుక్కున్నాడు గానీ, లోపల ఆయనకీ భయమే.

హీరో మధ్యాహ్నం దాటాక వచ్చాడు. విప్పి మళ్ళీ కడితే కట్లు మారిపోతాయని అంతదాకా త్రినాథరావుని అలాగే ఉంచి, పైన దుప్పటి కప్పారు. ముక్కు తుడుచుకుందామంటే చేతులు లేవవు, పక్కకి ఒత్తిగిలుదామంటే పూలదండలు చెదురుతాయి. షాటు వేళకి ఆ దుప్పటీ లాగేశారు. వడదెబ్బకు పోయినవాడి ఒళ్ళు గగుర్పొడుస్తోందని మేకప్ మనిషి విసుక్కున్నాడు.

హీరో ఆయన గుండెల మీద పడి ఏడ్చాడు. బాగానే ఏడ్చాడు, కానీ ఎంతకీ ఆపడే! త్రినాథరావు గొంతులో దగ్గు గీరుతోంది. మింగాడు. మళ్ళీ వచ్చింది. పళ్ళు బిగబట్టి మళ్ళీ మింగాడు. చివరికి డైరెక్టరు కట్ అన్నాడు, అందరూ హీరోకి చప్పట్లు కొట్టారు, ప్యాకప్ అన్నారు. హీరో వెనకాలే జనమంతా కదిలిపోయారు. కెమెరా పెట్టెలోకి వెళ్ళిపోయింది.

కట్లు విప్పడానికి సెట్టు పనివాడు భిక్షం వచ్చాడు.

"విప్పకు," అన్నాడు త్రినాథరావు. "ముందు కెమెరా తెమ్మను."

"ఒళ్ళు పెనం లెక్క కాలుతున్నది సార్. జర లేవుండ్రి."

పొద్దుట్నుంచీ ఆ తాళ్ళు ఎప్పుడు విప్పుతారా అని చూసిన మనిషి, ఇప్పుడు విప్పుతానంటే వద్దంటున్నాడు. ఆయనకే సిగ్గేసింది. కానీ సిగ్గు కన్నా భయమే పెద్దది. అసిస్టెంట్ డైరెక్టరు గీతిక వచ్చి, ఫోన్లో తీస్తానంది. చంపిన కెమెరాయే బతికించాలి, ఫోన్లో కుదరదన్నాడు. ఆ పిల్ల నిట్టూర్చి, కెమెరావాళ్ళని బతిమాలి పెట్టె తెరిపించింది.

"నవ్వండి సార్."

నోరు తెరిచాడో లేదో, అంతసేపూ మింగిన దగ్గంతా ఒక్కసారే తన్నుకొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకునే వీలు లేదు. ఒక ముక్కులో దూది ఎగిరిపడింది. నవ్వు పెదవుల దాకా రావడం, దగ్గు దాన్ని తోసేయడం. కళ్ళ నిండా నీళ్ళు. ఈ కట్లలోనే, ఈ చలిలోనే, నవ్వకుండానే పోతానని ఆయన నిజంగా నమ్మాడు.

"మా ఆవిడకి మాటిచ్చానమ్మా," అన్నాడు గీతికతో.

భిక్షం తల గోక్కున్నాడు. "యముడు గంత చెవిటోడా సార్? పీనుగ గిట్ల దగ్గుతదా?"

త్రినాథరావు అతని వైపు చూశాడు. ముందు పొట్ట కదిలింది. తర్వాత పూలదండలు కదిలాయి. రెండో ముక్కులో దూది అలాగే ఉండగా, దగ్గుతూనే, ఏడుస్తూనే నవ్వేశాడు. వచ్చింది సార్ అంది గీతిక, కెమెరా వెనకనుంచి.

కట్లు విప్పి, దుప్పటి చుట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. కాళ్ళు ఇంకా ఆయన మాట వినడం లేదు. ఆయన చొక్కా జేబులో మోగుతున్న ఫోన్ భిక్షం తెచ్చి చెవికి ఆనించాడు.

"లేచారా?"

చెప్పబోతే దగ్గే వచ్చింది. ఊపిరి ఆడనంత దగ్గు. అవతల ఆవిడ అదంతా అయ్యేదాకా విన్నది. ముక్కు చీదుకుంది.

"సరే, కారెక్కండి," అంది. "మిరియాల చారు పెడతాను."