ఏడు లెక్కపెట్టేంత సేపు

ఆమెకు అన్నిటికంటే ఎక్కువ భయం, చప్పుడు ఆగిపోవడం. పాప ఏడిస్తే నిబ్బరంగానే ఉంటుంది. ఏడుపు ఆగితే మాత్రం కుట్టు సగంలో వదిలేసి పరుగెత్తి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. తగిలింది పాప ఊపిరో ఫ్యాను గాలో తేలక, ఫ్యాను ఆపి మళ్ళీ చూస్తుంది.

ఆ శనివారం పొద్దున అలా ఫ్యాను ఆపి ఉన్నప్పుడే జిరాక్స్ బాబాయ్ స్టేజీ కోటు భుజాన వేసుకుని వచ్చాడు. ఆమె పనిచేసేది బట్టలు బిగించి, వదులుచేసి ఇచ్చే ఆల్టరేషన్ కొట్టులో. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి ఆ మిషను ముందు కూర్చుంది, పదకొండేళ్ళయింది. బాబాయ్ అని పిలవడమే గానీ చుట్టరికమేమీ లేదు. పార్సిల్ ఆఫీసులో తూకం గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ముప్పయ్యేళ్ళ కిందట పోయిన ఒక పెద్ద గాయకుడి పాటలను అదే వేషంతో, అదే గొంతుతో పాడే బృందంలో ఆ గాయకుడిగా నిలబడేది ఇతనే. అచ్చుగుద్దినట్టు దించేస్తాడని అభిమానులు పెట్టిన పేరు జిరాక్స్. ఆమె పుట్టేసరికే అసలాయన లేడు కాబట్టి ఆమెకు నకలే అసలు. బస్సు దొరికే దూరంలో కచేరీ ఉందంటే చాలు, పాపను చంకనేసుకుని బయలుదేరేది.

కోటు మళ్ళీ వదులైంది. రెండు నెలల్లో ఇది మూడోసారి. ఆమె టేపు తీసి నడుం చుట్టూ తిప్పింది.

"పాపకి ఎన్నో నెలమ్మా?" అన్నాడు బాబాయ్.

"తొమ్మిదో నెల బాబాయ్."

కొలత రాసుకునేలోపు మళ్ళీ అదే అడిగాడు. ఆమె మళ్ళీ అదే చెప్పింది. బొత్తాం జరుపుతుంటే మూడోసారి అడిగాడు.

"ఇందాకే చెప్పాను కదా బాబాయ్."

"ఈలోగా ఏమైనా పెరిగిందేమోనని."

ఇద్దరూ నవ్వారు. నవ్వే ముందు ఆమెకు ఏదో అడగాలనిపించింది, ఏమని అడగాలో తెలియలేదు. ఒంట్లో బాగుందా అంటే బాగుందనే అంటాడు. పెద్దవాళ్ళు అడిగిందే అడగరా ఏమిటి అని తనకు తానే సర్దిచెప్పుకుని, దారం పంటితో తెంపి కోటు చేతికిచ్చింది.

కచేరీ నాలుగింటికి, ఒక పాత సినిమాహాలులో. వచ్చినవాళ్ళలో సగంమంది అలాంటి కోట్లే తొడుక్కున్నారు. వాటిలో సగం ఆమె బిగించినవే. ఒక పాట కోసం అందరూ కాచుక్కూర్చుంటారు. అసలాయన చివరి కచేరీ రికార్డులో, ఆ పాట మూడో చరణం ముందు మాట మరిచిపోయాడు. ఏడు లెక్కపెట్టేంత సేపు వాద్యాలతో సహా అంతా ఆగిపోయి, చివరికి జనమే లైను అందించారు. బృందం ఆ మరుపును కూడా పొల్లుపోకుండా వాయిస్తుంది. బాబాయ్ ఆగుతాడు, డ్రమ్ములాయన కర్రలు పైకెత్తి పట్టుకుంటాడు, జనం వేళ్ళు మడుస్తూ ఏడు దాకా వచ్చి ఒక్కపెట్టున అందుకుంటారు. ఎవరైనా కొత్తవాడు అయిదుకే నోరు తెరిచాడా, పాతవాళ్ళు చూసే చూపుకు ఇక జన్మలో తెరవడు.

ఆ రోజు బాబాయ్ మొదటి చరణం ముందే ఆగాడు.

డ్రమ్ములాయన బిత్తరపోయి, ఎందుకైనా మంచిదని కర్రలు పైకెత్తాడు. కొత్త రకంగా చేస్తున్నాడని జనానికి ముచ్చటేసింది. ఈలలు, తర్వాత వేళ్ళు మడవడం. ఏడు అయింది. జనం అందుకున్నారు. మామూలుగా రెండో మాటకే వాళ్ళతో గొంతు కలిపే బాబాయ్ కలపలేదు. అతని చూపు వరుసలన్నీ వెతుక్కుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగింది.

నటనేనా? లేచి వెళ్ళి చేయి పట్టుకుందామా? నటనే అయితే ఇంతమందిలో ఆయన పరువు తీసినట్టవుతుంది. కాకపోతే? ఇక్కడ ఫ్యాను ఆపి చూసే వీల్లేదు. ఆమె పాపను గుండెకు అదుముకుని అందరితో పాటు పాడింది. మాట వినబడితే దారి దొరుకుతుందేమోనని అందరికన్నా గట్టిగా పాడింది.

పాటంతా జనమే పాడేశారు. బాబాయ్ నిదానంగా నమస్కారం పెట్టి, ఎప్పుడూ వెళ్ళే ఎడమ పక్కకు కాకుండా కుడి పక్కకు వెళ్ళిపోయాడు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. పక్క సీటు పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "పాడటమంటే ఇదమ్మా," అన్నాడు. ఆయన పాడలేదండీ అనబోయి, ఆమె పాపను భుజానేసుకుని స్టేజీ వెనక్కి నడిచింది.

వెనక గదిలో బాబాయ్ లేడు. తలుపు బార్లా తెరిచి ఉంది. గాలికి బయట నించున్నాడేమోలే చెల్లెమ్మా అన్నాడు డ్రమ్ములాయన. ఇంకా పొద్దు ఉంది. వీధి రెండు పక్కలా చివరిదాకా కనబడుతోంది. ఎటూ లేడు.

మూడు వారాలైంది. ఠాణాలో ఫొటో అడిగారు. ఇరవై రెండేళ్ళ ఫొటోలున్నాయి, అన్నిట్లోనూ విగ్గు, నల్లద్దాలు. ఈయన ఎప్పుడో పోయాడు కదా అన్నాడు అక్కడి రైటరు. అసలు మొహం ఒక్కదాంట్లోనూ లేదు. పేరడిగితే డ్రమ్ములాయన జిరాక్స్ అని చెప్పి నాలుక్కరుచుకున్నాడు. ఆమెకు తెలిసింది ఆమె చెప్పింది: ఎడమ భుజం కుడిదానికన్నా అరంగుళం కిందికి, మెడ పద్నాలుగున్నర. రాసుకున్నారు.

అలాంటి మనిషి మీ వీధిలో ఎక్కడైనా కనబడితే ఒక్కసారి పలకరించండి. పేరు అడగకండి, పోయినాయన పేరు చెబుతాడు. పాడమని అసలే అడగకండి. తిన్నావా అని అడిగి, కూర్చోబెట్టి, ఆల్టరేషన్ కొట్టుకు కబురు పెట్టండి. స్టేజీ బూట్లతోనే వెళ్ళిపోయాడు, అవి కాళ్ళను కరిచేసి ఉంటాయి. వెనక గదిలో విప్పి వదిలేసిన, మడమ దగ్గర ఒక పక్కకే అరిగిన అతని తోలుచెప్పులు ఆమె మిషను కింద, పెడలుకు తగలకుండా, గోడకు ఆనించి ఉన్నాయి.