ఒక వరస ఇటుక

వంటింటి గోడ పలకల సందుల్లో తెల్ల సిమెంటు నింపుతున్నాడు అంగుళం మేస్త్రీ. చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని సందు పొడవునా లాగుతున్నాడు, మిగిలింది తడిగుడ్డతో తుడిచేస్తున్నాడు. దుకాణంలో మిగిలిపోయిన పలకలవి. ఒకే రంగువి సరిపోక, సగం తెల్లవి, సగం లేత ఆకుపచ్చవి తెచ్చారు. చదరంగం గడుల్లా మార్చి మార్చి అతికించేసరికి, కావాలనే అలా వేయించుకున్నట్టు కుదిరాయి.

అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. "అంగుళం తేడా వస్తే నేనే పడగొడతా" అని నలభై ఏళ్లుగా అంటున్నాడు కాబట్టి అదే పేరైపోయింది. మేడలేవీ కట్టలేదు. వంటగదులే చేశాడు, అవీ చిన్నవే. ఇప్పుడు మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఇదే ఆఖరి పని అని పొద్దున భార్యతో చెప్పాడు.

"పోయినసారీ ఇదే చెప్పావు" అంది ఆవిడ, సంచీ అందిస్తూ.

ఈ వంటగదిలో చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఇంటాయన దర్జీ. ముందుగదిలో అతని మిషను చప్పుడు ఆగదు. ఉన్న కాస్త డబ్బులోనే అంతా సర్దుకోవాలి కాబట్టి అలమరాకు పాత తలుపులే ఉంచి రంగు మార్చారు. వంటగట్టు మీది నల్లరాయి, రాళ్ల కొట్టువాడు ఓ మూలన పడేసినది. మధ్యలో వెంట్రుకంత చార ఉంది. అందుకే చవగ్గా ఇచ్చాడు. మేస్త్రీ నిన్న సాయంత్రమే దాన్ని పలకల అంచు కిందికి తోసి పరిచాడు.

దర్జీ భార్య తలుపు దగ్గర నిలబడింది. పొట్టి మనిషి. నవ్వు దాచుకోలేని ముఖం.

"మేస్త్రీగారూ, ఓసారి నిలబడి చూసుకోనా?"

"మీ వంటిల్లే కదమ్మా, నన్నడుగుతారేం?"

ఆమె గట్టు ముందు నిలబడి గాలిలోనే కూర తరిగింది. మేస్త్రీ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆమె భుజాలు చెవుల దాకా లేచాయి. గట్టు బాగా కుదిరిందో లేదో అతను భుజాల్లోనే చూస్తాడు.

ఆమె కుడికాలితో నేల మీది గోనెసంచి కింద దేనికోసమో తడిమింది. చెక్కపీట ఒకటి బయటికి లాగి ఎక్కింది. భుజాలు దిగాయి.

"ఇప్పుడు కుదిరింది" అంది.

"ఆ పీట... నేను కొలిచిన రోజు కూడా ఎక్కారా?"

ఆమె నాలిక కరుచుకుంది. "ఇరవై రెండేళ్ల అలవాటు మేస్త్రీగారూ. వంటింట్లో నిలబడమంటే కాలు దానంతటదే ఎక్కేస్తుంది."

మేస్త్రీ దగ్గర చెక్కబద్ద ఒకటుంది. ఏ ఇంట్లోనైనా వంట చేసే మనిషిని నిలబెట్టి, పక్కన బద్ద నిలిపి, మోచేతికి బెత్తెడు కింద గీత గీస్తాడు. గట్టు ఆ గీతకే. ప్రతిసారీ గొంతుక్కూర్చుని బద్ద కింది కొసా మనిషి పాదాలూ చూసుకునేవాడు. ఈసారి మోకాళ్లు సహకరించలేదు. కరెంటు తీసేసిన చీకట్లో, నేలంతా గోనెసంచులు పరిచి ఉంటే, కిందికి చూడకుండానే గీత గీసేశాడు.

ఇంతలో అత్తగారు వచ్చింది. కోడలి కంటే బెత్తెడు పైనే పొడుగు. గట్టు మీద చేతులానించి పకపకా నవ్వింది.

"ఇది నా గట్టే! మా ఆయన నా ఎత్తుకే కట్టించాడు. మొన్న నువ్వు పడగొడుతుంటే ప్రాణం ఉసూరుమంది. మళ్లీ లేచి వచ్చింది చూడు!"

"పోనీలెండి" అంది కోడలు. "పీట ఎక్కడికి పోయింది? ఉందిగా."

నవ్వుతూనే అంది. కానీ పని మొదలైన రోజు ఆమె అన్న మాట మేస్త్రీకి గుర్తుంది. "పలకలు ఏ రంగైనా ఫర్వాలేదు. అలమరా లేకపోయినా సరే. నేల మీద కాళ్లు పెట్టి వంట చేసుకోవాలి, అంతే." వేడినీళ్ల గిన్నెతో రెండుసార్లు పీట మీంచి జారింది. మడమ మీద మచ్చ ఇంకా ఉంది.

సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. మధ్యాహ్నం దాటితే రాయి ముక్కలుగా తప్ప రాదు. ఇప్పుడు లేపితే చార దగ్గర విరగొచ్చు. విరిగితే ఇంకో రాయి కొనే తాహతు ఈ ఇంటికి లేదు. వదిలేసి పోయినా ఎవరూ ఒక్క మాటనరు.

పెళ్లయిన కొత్తలో అతను భార్యకు గట్టు కట్టాడు, తన మోచేతి ఎత్తుకి. ఆమె ఏడాదంతా దాని మీదే వండింది. భుజాల నొప్పి అని పక్కింటావిడతో చెప్పుకుంటుంటే విన్నాడు. ఆ రోజే బద్ద తయారుచేసుకున్నాడు. దాని మీద అన్నిటికంటే కిందున్న మొదటి గీత ఆమెదే.

"దర్జీగారూ, మిషను ఆపి రండి!" అని కేకేశాడు.

అలమరా పాత అరచెక్కలు రెండు తెచ్చి, చారకు అటూ ఇటూ ఆనేలా రాయికి తాడుతో బిగించాడు. అడుగున తాపీ దూర్చి, వేలెడు వేలెడు చొప్పున కోసుకుంటూ పోయాడు. అత్తగారు కింద బొంతలు పరిచింది. దర్జీ ఒక కొస, అతని భార్య మధ్యలో, మేస్త్రీ రెండో కొస.

"ఒక్కసారే... ఊఁ!"

రాయి లేచింది. గట్టు దాటింది. దించుతుండగా టప్పుమని చప్పుడు.

దర్జీ కళ్లు మూసుకున్నాడు.

"రాయి కాదు" అన్నాడు మేస్త్రీ పళ్లు బిగించి. "నా మోకాలు. దించండి, దించండి!"

రాయి బొంతల మీద కూర్చుంది. చార ఎంతుందో అంతే ఉంది. అత్తగారు నవ్వాపుకోలేక తలుపు పట్టుకుంది.

పీట మూడంగుళాలు. ఇటుక వరసా మూడంగుళాలే. పైవరస ఊడదీసి, కొత్త సిమెంటు వేసి, రాయి మళ్లీ పరిచేసరికి మధ్యాహ్నం మూడు గంటలు దాటింది. పలకల కింద బయటపడిన ఖాళీలో, పారేయకుండా దాచిన విరిగిన పలక ముక్కలు అతికించాడు. అంచు కట్టినట్టే ఉంది.

"నా ఎత్తు తగ్గించేశావు మేస్త్రీ" అంది అత్తగారు.

"మీరు వంట చేస్తానంటే ఆ వరస మళ్లీ పేరుస్తా."

"అమ్మో, నాకెందుకులే!"

ఈసారి అతను గోడ పట్టుకుని, మూలుగుతూ, గొంతుక్కూర్చుని పాదాలు చూశాడు. ఒట్టి కాళ్లు, నేల మీదే. బద్ద మీద పాత గీత కొట్టేసి కింద కొత్తది గీశాడు. ఆమె గాలిలో కూర తరిగింది. భుజాలు కదల్లేదు. కాలివేళ్లు ఒకసారి విప్పి, ముడిచి, నేల మీద ఆనించింది.

లేవడానికి మేస్త్రీకి దర్జీ చెయ్యి కావలసి వచ్చింది. తాపీ కడిగి సంచీలో వేసుకున్నాడు. ఎండ ఇంకా ఉంది. వీధి మలుపు దాకా వెళ్లాక వెనకనుంచి కేక.

"మేస్త్రీగారూ! మీ బద్ద మరిచిపోయారు!"

"ఉండనీ తల్లీ. ఇంకెవరిని కొలవాలి? మా ఆవిడ ఎత్తు నాకు బద్ద లేకుండానే తెలుసు."

కుంటుకుంటూ, చిన్నగా ఈల వేస్తూ, మలుపు తిరిగిపోయాడు.

వంటింటి తలుపు వెనక, ఇక పని లేని పీట పక్కనే, ఆ బద్ద గోడకు ఆనుకుని ఉంది. నలభై ఏళ్ల గీతలు, వాటి మధ్య కొట్టేసిన గీత ఒక్కటే.