రాజారావు సర్వీస్

న్యూజీలాండ్‌లో, పాపకూర టెన్నిస్ క్లబ్బు గోడకు ఒక చెక్క బోర్డు ఉంది. పైన పెద్దక్షరాలు: తెలుగు మహిళల సింగిల్స్ విజేతలు. కింద మూడేళ్లుగా ఒకటే పేరు: జి. రాజారావు.

గెలిచింది గిరిజ. రాజారావు ఆమె మొగుడు. ఈ దేశం వచ్చేటప్పుడు వీసా ఫారంలో ఆమె ఇంటిపేరు అడిగినచోట కొల్లి అని రాయకుండా తన పేరే పెట్టేశాడు. కొల్లి గిరిజ ఆ రోజే పోయింది.

పేరు మార్చమని ఆమె ఏటా అడిగింది. సెక్రటరీ అప్పారావు ఏటా నవ్వాడు.

"మీరేనని అందరికీ తెలుసు కదమ్మా."

అందరికీ తెలిస్తే బోర్డెందుకు?

ఈసారి వింబుల్డన్ మాట తెచ్చింది. "అక్కడా పెళ్లయిన విజేతల్ని మిసెస్ అని మొగుడి పేరుతోనే రాసేవాళ్లు, అన్నయ్యగారూ. వాళ్లే మానేశారు."

"వాళ్లు మానడానికి వందేళ్లు దాటింది. మనది మొన్న పెట్టిన టోర్నమెంటు! తొందరెందుకమ్మా?"

ఫైనల్లో ఎదురుగా శరణ్య. జాన్సన్‌విల్ నుంచి వచ్చింది, ఇక్కడే పుట్టిన పిల్ల. అంపైరు కుర్చీలో అప్పారావే. మొదటి సెట్ గిరిజది. రెండోది మొదలైంది.

"రాజారావు సర్వీస్!"

గిరిజ బంతి ఎగరెయ్యబోయి ఆగింది.

"ఆయన అక్కడ పునుగులు తింటున్నారు. పిలవండి, వచ్చి వేస్తారు."

జనం గొల్లుమన్నారు. రాజారావు నోట్లో పునుగుతోనే అరిచాడు. "పరువు తియ్యకు గిరిజా. ఆడు!"

"ఎవరి పరువండీ? బోర్డు మీదున్నది మీరేగా!" అని అప్పారావు వైపు తిరిగింది. "గిరిజ అనండి. ఒక్కసారి. వేస్తాను."

"డ్రా కాగితంలో ఏ పేరుంటే అదే పిలవాలమ్మా. రూలు."

శరణ్య నెట్ దగ్గరికొచ్చింది. "ఆంటీ, ప్లీజ్, ఆడండి. ఇట్స్ ఓన్లీ ఎ నేమ్."

"నీ పేరు ఏమని రాస్తారో ముందు అడుగు."

శరణ్య అడగలేదు. గిరిజ బంతిని గీత మీద పెట్టి, పక్కనే చతికిలబడింది. అప్పారావు వాచీ చూశాడు, హెచ్చరించాడు, మళ్లీ హెచ్చరించాడు. ఆమె కదల్లేదు.

"రాజారావు డిఫాల్ట్!"

ఓడించడానిక్కూడా వాడి నోటికి గిరిజ అనే మాట రాలేదు.

టీలు అవకముందే బోర్డు మీద కొత్త అక్షరాలు పడ్డాయి: ఎస్. కృష్ణారావు. జనం ఎగబడి శరణ్య నాన్న కృష్ణారావు చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు. ఆయన జన్మలో రాకెట్ పట్టలేదు. అయినా "థాంక్యూ, థాంక్యూ" అంటూ వంగిపోతున్నాడు.

శరణ్య కప్పు చంకలో పెట్టుకుని బోర్డు చూసింది, నాన్నని చూసింది. గిరిజ దగ్గరికొచ్చింది.

"ఆంటీ, దట్స్ మై డాడ్!"

"ఓన్లీ ఎ నేమ్ అన్నావుగా తల్లీ," అంది గిరిజ. రాకెట్లు సంచిలో కుక్కి జిప్పు లాగింది. అది సగంలో ఇరుక్కుంది. ఎంత లాగినా రాలేదు.